మడమలో ముల్లు



తెల్లవారుతుంది. పాలు వచ్చే వేళవుతుంది. మంచం దిగి కాలు నేలమీద మోపుతారు. అంతే! మడమలో ఎవరో మేకు దిగగొట్టినట్టు ప్రాణం జివ్వుమంటుంది. గోడ పట్టుకుని, మునివేళ్ళమీద కుంటుకుంటూ వంటింటిదాకా వెళతారు. పదిపదిహేను అడుగులు వేసేసరికి కాస్త సర్దుకుంటుంది. కాఫీ కలిపేసరికి మరిచిపోతారు కూడా. మళ్ళీ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ అరగంట నడుం వాల్చి లేస్తే కథ మొదటికొస్తుంది. మీలో కొందరు ఈ పాటికి, "మా ఇంటికొచ్చి చూసినట్టే చెపుతోందే" అనుకుంటూ వుంటారు. విజయవాడలో ఏ వీధిలో, ఏ అపార్టుమెంటులో పదిమంది ఆడవాళ్ళు కూడినా ఒకరిద్దరి నోట ఈ మాట వినపడుతూనే వుంటుంది.

అయితే ఈ బాధ ఇంట్లో చెప్పుకున్నారనుకోండి, ఏం జరుగుతుంది? పిల్లలు, "లావు తగ్గమ్మా" అంటారు. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "ఓ మాత్ర వేసుకోరాదూ" అంటారు. ఇంట్లో పెద్దావిడ వుంటే మాత్రం తప్పకుండా ఒక మాట అంటుంది: "మా రోజుల్లో ఈ మడమనొప్పులు ఎరుగుదుమా? గ్యాసు పొయ్యిలూ, మిక్సీలూ వచ్చాక వచ్చిన రోగాలమ్మా ఇవన్నీ!"

ఈ మాట నిజమేనా? ఇవాళ మీతో మాట్లాడదలుచుకున్నది ఆ సంగతే. అధిక వైద్యం చెప్పను. అది డాక్టర్ల పని. ఈ నొప్పికి ఒక చరిత్ర వుంది. అందులో మన కృష్ణాతీరం ఆడవాళ్ళ చరిత్ర కూడా కలిసి వుంది. అది తెలిస్తే, ఏ మందు నమ్మాలో ఏది నమ్మకూడదో మనకే బోధపడుతుంది.

ముందు పెద్దావిడ మాట తేల్చుకుందాం. సుశ్రుత సంహితలో వాతరోగాలు చెప్పే అధ్యాయంలో 'వాతకంటకం' అని ఒకటి వుంది. కాలు ఎగుడుదిగుడుగా మోపినప్పుడు వాతం పాదం వెనుక భాగాన చేరి నొప్పి పుట్టిస్తుందనీ, దానికే వాతకంటకమని పేరనీ చెప్పారు. ఆ తర్వాతవాడైన వాగ్భటుడు దీనికి ఇంకో కారణం జోడించాడు. అది శ్రమ. వొట్టి అలసటవల్ల కూడా వస్తుందన్నాడు. కంటకం అంటే ముల్లు కదా! ఇప్పుడు మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళి, "ముల్లు గుచ్చుకున్నట్టుందండీ" అంటున్నారే, ఆ మాట ఎన్నో వందల ఏళ్ళ కిందటే పుస్తకానికెక్కింది. మిక్సీలు లేనినాడు, గ్యాసు లేనినాడు, నాపరాళ్ళు కూడా లేనినాడు! తెలుగులో 'మడమ శూల' అంటున్నాం. శూలం కూడా గుచ్చేదే.

అంచేత, పూర్వం లేదనడం సరికాదు. వుంది. కాకపోతే చెప్పుకునేవాళ్ళు లేరు, వినేవాళ్ళు అంతకన్నా లేరు.

చరకుడు కూడా పాదాల సంగతి విడిచిపెట్టలేదు. రోజూ పాదాలకు నూనె మర్దనా చేసుకుంటే గరుకుతనం, బిగుసుకుపోవడం, అలసట, తిమ్మిరి పోతాయన్నాడు. చెప్పులు తొడుక్కోవడం కూడా ఆరోగ్యానికి మంచిదని ప్రత్యేకంగా చెప్పాడు. అయితే ఆ చెప్పులు ఎవరి కాళ్ళకు వుండేవి అన్నది వేరే ప్రశ్న. దానికి మళ్ళీ వస్తాను.

మనకు పాదమంటే ఎంత గౌరవమో చూడండి! అమరావతి స్తూపం మీది తొలినాటి శిల్పాల్లో బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. ఖాళీ ఆసనమో, చెట్టో, చక్రమో, లేకపోతే రెండు పాదాలో చెక్కారు. అరికాళ్ళలో చక్రాలున్న పాదాల పలక ఒకటి ఇప్పటికీ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో వుంది. ఆ శిల్పాల్లో చాలాచోట్ల ఆడవాళ్ళు వంగి పాదాలకు మొక్కుతూ కనిపిస్తారు. వాళ్ళ కాళ్ళకేమో బరువైన కడియాలు! ఇంటికొచ్చిన అతిథికి కాళ్ళకు నీళ్ళివ్వడం, పెళ్ళిలో కాళ్ళు కడగడం, పేరంటంలో కాళ్ళకు పసుపు రాయడం, పెళ్ళికూతురికి పారాణి పెట్టడం, ఇవన్నీ మన ఆచారాలే. పేరంటాలకు వెళ్ళి ఎన్నిసార్లు పసుపు రాయించుకున్నామో లెక్క లేదు. కానీ ఆ పాదం నొప్పి పెడుతోందా అని అడిగే ఆచారం మాత్రం ఎక్కడా కనపడదు!

ఇక మన డెల్టా సంగతికి వద్దాం. 1852లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. కాటన్ దొర పట్టుదల, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణ అని చదువుకున్నాం. నదికి రెండువైపులా వున్న కొండల్లోంచి రాయి తీశారు. కాలవలు తవ్వారు. ఆ తవ్వకాల్లో మట్టితట్టలు నెత్తిన పెట్టుకుని గట్టెక్కి దిగినవాళ్ళలో ఆడవాళ్ళూ వున్నారు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా వుండవనుకోండి. ఆ ఆనకట్ట 1952లో తెగింది. దాని దగ్గర్లోనే కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పనిలోకి వచ్చింది. ఈ నీళ్ళతో డెల్టా అంతా పచ్చబడింది, మాగాణి అయింది, ధాన్యాగారం అయింది. అందులో సందేహం లేదు. అయితే మాగాణి అంటే నాట్లు, నాట్లంటే ఆడవాళ్ళు. ఊడుపుల రోజుల్లో తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా పిక్కలలోతు బురదలో, నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వారాల తరబడి పని. పామర్రు, గుడివాడ, దివిసీమ, తెనాలి, రేపల్లె, ఏ వైపు వెళ్ళినా అదే దృశ్యం.

ఆ కాళ్ళకు మడమశూల కంటే ముందు వేరే బాధలుండేవి. నీళ్ళల్లో నానినాని వేళ్ళ సందులు ఒరుసుకుపోవడం, మడమలు పగిలి నెత్తురు రావడం, గట్లమీద ముళ్ళు గుచ్చుకోవడం. వాటికి వాళ్ళు చేసుకున్న వైద్యం ఏమిటి? పసుపు, ఆముదం, గోరింటాకు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం మనకు ఇప్పుడు ముచ్చట. చేతులు ఎవరివి ఎర్రగా పండాయో చూసుకుని మురిసిపోతాం. కానీ ఆషాఢమంటే తొలకరి, నాట్లకు సిద్ధమయ్యే కాలం. వానల్లో, బురదలో కాళ్ళూ చేతులూ చెడిపోకుండా గోరింటాకు కాపాడుతుందని పల్లెల్లో పెద్దవాళ్ళు చెప్పేవారు. చేతులకే కాదు, పాదాల చుట్టూ, గోళ్ళకూ మెత్తడం అందుకే. మనం పట్నాల్లో చేతులు వుంచుకుని కాళ్ళు వదిలేశాం.

ఇప్పుడు చెప్పుల ప్రశ్న. కిర్రుచెప్పులు, ఆకుచెప్పులు, పావుకోళ్ళు... పేర్లు చాలానే వున్నాయి మన భాషలో. వాటిలో చాలాభాగం మగవాళ్ళ కాళ్ళవి. మోతుబరి కిర్రుమని చప్పుడు చేసుకుంటూ వీధిలో నడిస్తే అది దర్జా. ఆడది చెప్పులేసుకుని అలా నడిస్తే 'ఎంత పొగరు!' అనేవారు. ఇక ఆ చెప్పు కుట్టిన మాదిగ ఇంటివాళ్ళ సంగతి మరీ అన్యాయం. తాము కుట్టిన చెప్పు తామే చేత్తో పట్టుకుని, పెద్దల వీధి దాటేదాకా ఉత్తకాళ్ళతో నడవవలసిన ఊళ్ళు మన ప్రాంతంలో ఎన్నో వుండేవి. జాషువా 1941 నాటి 'గబ్బిలం'లో, చెప్పులు కుట్టి బతికే ఆ మనిషి సేవకు ఈ దేశమే బాకీ పడిందన్నాడు. ఆ బాకీ తీరిందో లేదో మీరే ఆలోచించండి. నేను చెప్పవచ్చేది, 'పూర్వం అందరూ ఉత్తకాళ్ళతో నడిచి ఆరోగ్యంగా వుండేవారు' అని ఎవరైనా గొప్పగా చెపితే కాస్త ఆగి వినండి అని. రోహిణి కార్తె ఎండలో, బెజవాడ రోడ్డుమీద, ఉత్తకాళ్ళతో నడవడం ఎవరి ఆరోగ్యం కోసమూ కాదు. చెప్పు లేక, వున్నా వేసుకోనివ్వక నడిచారు.

మరి పెద్దావిడ మాటలో ఏమీ నిజం లేదా? కొంత వుంది. అది వంటింట్లో వుంది.

మన అమ్మమ్మల వంటిల్లు గుర్తు తెచ్చుకోండి. పొయ్యి నేలమీద. కత్తిపీట నేలమీద. రోలు, రుబ్బురోలు, తిరగలి, చల్లకవ్వం, అన్నీ నేలమీదే. పీట వేసుకునో, గొంతుక్కూర్చునో పనంతా చేసేవారు. లేచి నిలబడేది నీళ్ళకూ, దంపుళ్ళకూ, వడ్డనకూ. అది సుఖమని నేననను. ఆ పొగకు కళ్ళు పోయేవి, నలభై ఏళ్ళకే మోకాళ్ళు పట్టేసేవి. కానీ రోజుకు ఎన్నోసార్లు కూర్చుని లేవడంవల్ల, గొంతుక్కూర్చున్నప్పుడు మడమ నేలకానించి వుంచడంవల్ల, పిక్కల వెనక నరాలు సాగుతూ వుండేవి. పనిలో నిలబడడం, కూర్చోవడం, నడవడం మారుతూ వుండేవి. నాకు తోచినంతవరకు అసలు తేడా ఇక్కడుంది.

తర్వాత ఏమైంది? ఇండియన్ ఆయిల్ వాళ్ళు ఇండేన్ పేరుతో మొదటి గ్యాసు కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. అది మెల్లిగా మన పట్నాలకూ వచ్చింది. సిలిండరు పెట్టాలంటే పొయ్యి ఎత్తులో వుండాలి. అంచేత గట్టు కట్టారు. గట్టు వచ్చాక వంట నిలబడే చేయాలి. 1999లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకంతో పల్లెటూరి ఆడవాళ్ళకు కూడా గ్యాసు ఇచ్చింది. పొగ నుంచి తప్పించిన ఆ సిలిండరుకు నేను రెండు చేతులా దణ్ణం పెడతాను. దానివల్ల బతికిన కళ్ళెన్నో, ఊపిరితిత్తులెన్నో! కానీ ఒక పని అందరూ మరిచిపోయారు. మగవాళ్ళ ఆఫీసులో బల్లతోపాటు కుర్చీ వేస్తారు. మన గట్టు దగ్గర కుర్చీ ఎవరూ వేయలేదు. ఇల్లు కట్టించేటప్పుడు గట్టు ఎంత ఎత్తుండాలో మేస్త్రీ చెపుతాడు, గ్రానైట్ రంగు మనల్ని అడుగుతారు. అక్కడ రోజుకు ఐదారు గంటలు నిలబడే మనిషి కాళ్ళ కింద ఏముండాలి అని ఎవరూ అడగరు.

కాళ్ళ కింద నేల కూడా మారింది కదా! పేడతో అలికిన మట్టినేల మెత్తగా వుండేది. తర్వాత సున్నపు గచ్చు, బేతంచెర్ల బండలు, తాండూరు బండలు, సిమెంటు, మొజాయిక్, చలవరాయి, ఇప్పుడు అద్దంలా మెరిసే టైల్సు. తుడవడానికి హాయే. కానీ ప్రతి అడుగుకూ మడమ వెళ్ళి రాయికి తగలడమే. పైగా 'ఇంట్లో చెప్పులేమిటి, లక్ష్మి తిరిగే చోట' అనే పట్టింపు. దేవుడిగది వరకూ ఆ పట్టింపు వుంచుకోవచ్చు. ఇంట్లో తిరగడానికి విడిగా ఒక జత పెట్టుకుంటే, అవి గుమ్మం దాటి బయటికి వెళ్ళకుండా చూసుకుంటే, శుభ్రతకు వచ్చిన లోటేమీ లేదు. మా అత్తగారు మొదట్లో మొహం ముడుచుకున్నారు. ఆరు నెలలకు, "అమ్మాయ్, నాక్కూడా అలాంటివే ఓ జత తెప్పించు" అన్నారు.

బజార్లో దొరికే చవక రబ్బరు చెప్పు, మనం హవాయి చెప్పు అంటామే, అది ఆడవాళ్ళకు చాలా మేలు చేసింది. తోలు చెప్పు కొనలేని ఇంట్లో కూడా అందరికీ తలో జత అమరింది, చెప్పు వేసుకోవడం దర్జా అనే మాట పోయింది. అయితే ఆర్నెల్లకు మడమ దగ్గర అరిగి కాగితంలా అయిపోతుంది. అలా అరిగినదాన్ని 'ఇంట్లోకి పనికొస్తుందిలే' అని దాచుకుంటాం చూశారూ, అక్కడుంది చిక్కంతా!

ఇక వైద్యుల కథ. ఇది కొంచెం నవ్వు తెప్పిస్తుంది. 1812లో విలియం ఉడ్ అనే ఆయన ఈ అరికాలి నొప్పిని వర్ణిస్తూ, దీనికి క్షయ కారణమన్నాడు. ఆ రోజుల్లో ఏది అర్థం కాకపోయినా క్షయే. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-రే కనిపెట్టాడు. దాంతో ఎముకలు కనపడడం మొదలైంది. 1900లో ప్లెట్నర్ అనే జర్మన్ డాక్టరు, మడమ ఎముక కింద ముల్లులా ముందుకు పొడుచుకొచ్చిన ఎముకను గురించి రాశాడు. అదుగో, ముల్లు దొరికింది! సుశ్రుతుడు వూహించిన ముల్లు ఫోటోలో కనపడింది! ఇక డాక్టర్లకు పండగే. 1906లో అమెరికాలో బేర్ అనే ఆయన, ఈ ముళ్ళకు కారణం సుఖవ్యాధి అని తేల్చి, కోసి తీసేయడం మొదలుపెట్టాడు. పాపం, మడమ నొప్పని వెళ్ళినవాళ్ళను ఆ డాక్టర్లు ఎంత అనుమానంగా చూసి వుంటారో ఊహించుకోండి!

ఈ ముల్లు భ్రమ ఇప్పటికీ పోలేదు. ఎక్స్-రే తీయిస్తారు, "ఎముక పెరిగిందమ్మా" అంటారు. మనం ఇంటికొచ్చి, ఆ ఎముకే గుచ్చుతోందని, కాలు కింద పెట్టడానికి భయపడతాం. నిజం ఏమిటంటే, ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా చాలామందికి ఆ ముల్లు వుంటుంది. భరించలేని నొప్పి వున్నవాళ్ళలో కొందరికి వుండదు. అంచేత ముల్లు పేరు చెప్పి ఎవరైనా ఆపరేషన్ అంటే, రెండో డాక్టర్ని అడగకుండా ఒప్పుకోకండి.

మరి నొప్పి ఎక్కడిది? మన పాదం విల్లులా వంగి వుంటుంది. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళదాకా అరికాలి కింద గట్టి పట్టీ ఒకటి నారిలా కట్టి వుంటుంది. రోజంతా శరీరం బరువు మోసి మోసి, ఆ నారి మడమను అంటుకున్న చోట పోగులు దెబ్బతింటాయి. రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి నారి ముడుచుకుంటుంది. తెల్లారి మొదటి అడుగుతో హఠాత్తుగా సాగుతుంది. అదే ఆ 'జివ్వు'! చాలాకాలం దీన్ని వాపు అనుకున్నారు. 2003లో అమెరికాలో ఆపరేషన్ చేసిన యాభై కేసుల్లో తీసిన ముక్కల్ని పరీక్షిస్తే వాపు గుర్తులు కనపడలేదు. పోగులు అరిగి, చివికిపోయి వున్నాయి. వాపు తగ్గించే మాత్రలతో మన నొప్పి పూర్తిగా ఎందుకు పోదో దీన్నిబట్టి తెలుస్తోంది కదా! చివికిన చీరకు ఇస్త్రీ చేస్తే ఏం లాభం?

ఇంకో సంగతి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'పోలీసువాడి మడమ' అనేవారు. బీటు తిరిగే పోలీసులకు వస్తుందని. ఇళ్ళల్లో నేల తుడిచే పనిమనిషి మోకాలి వాపుకు కూడా వాళ్ళ దగ్గర ఒక పేరుంది. గట్టు దగ్గర నిలబడే గృహిణి మడమకు మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు!

ఇప్పుడు ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం చెపుతాను. ఇది జరిగింది మన చిత్తూరు పొలిమేర దాటగానే వచ్చే వెల్లూరులో. ఐడా స్కడర్ అనే ఆవిడ 1900 ప్రాంతంలో చిన్న డిస్పెన్సరీతో మొదలుపెట్టి, 1918లో ఆడపిల్లలకోసం వైద్యం బడి పెట్టింది చూశారూ, ఆ ఆసుపత్రే. తెలుగువాళ్ళు వందల ఏళ్ళ పరిచయం వున్నట్టు వెళ్ళివచ్చే చోటు. 1946లో అక్కడికి పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. కుష్ఠురోగుల చేతులు, కాళ్ళు చూడడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో అందరూ, కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతట అవే రాలిపోతాయనుకునేవారు. బ్రాండ్ జాగ్రత్తగా గమనించి, అది కాదని తేల్చాడు. ఆ రోగం స్పర్శను పోగొడుతుంది. స్పర్శ పోయినవాడికి నొప్పి తెలియదు. చెప్పులో మేకు గుచ్చుకున్నా, నిప్పుమీద కాలు వేసినా, ఒకేచోట బరువుపడి పుండైనా తెలియదు. తెలియక అలాగే నడుస్తాడు. పాదం పాడయ్యేది అందువల్ల. అంటే నొప్పి మనకు కాపలాదారు అన్నమాట! తర్వాత ఆయన నొప్పిని కానుక అంటూ పుస్తకమే రాశాడు. తెల్లారి మంచం దిగేటప్పుడు మనకు అది కానుకలా అనిపించదనుకోండి, అయినా నిజమే.

మరి ఆ స్పర్శలేని పాదాలను కాపాడేదెలా? ఎలాంటి చెప్పు వేయాలి? చెక్కవి, తోలువి, రకరకాలు కుట్టి చూశారు. 1955లో వెల్లూరు దగ్గర కరిగిరిలో కుష్ఠురోగుల పరిశోధనా కేంద్రం మొదలైంది. అక్కడి పరిశ్రమలో తేలిన ముఖ్యమైన వస్తువు మైక్రోసెల్యులార్ రబ్బరు. లోపలంతా కంటికి కనపడని సన్నటి గాలిబుడగలున్న మెత్తటి రబ్బరు. నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే లేస్తుంది. బరువును ఒక్కచోట పడనీయకుండా పాదమంతా పరుస్తుంది. ఇప్పుడు మీరు బీసెంట్ రోడ్డులోనో, వన్ టౌన్‌లోనో చెప్పుల కొట్టుకెళ్ళి, "ఎం.సి.ఆర్. చెప్పులున్నాయా?" అంటే నీలమో నలుపో తీసి చూపిస్తాడే, 'డాక్టరు చెప్పులు' అని అమ్ముతాడే, అదే ఇది! ఊరవతలికి వెలివేసిన మనుషుల పాదాలకోసం పుట్టిన చెప్పు ఇవాళ మన వంటింట్లోకి వచ్చింది. కొందరు, "అయ్యో, ఆ రోగుల చెప్పులా!" అని జంకుతారు. జంకవలసిన పని లేదు. ఆ పాదాలు పడిన కష్టంవల్లే మన పాదాలకు ఈ సుఖం దొరికింది.

ఈ కథ చక్కెర జబ్బున్న వాళ్ళు ఇంకా శ్రద్ధగా వినాలి. ఆ జబ్బు చాలా ఏళ్ళుంటే అదే పని చేస్తుంది, పాదంలో స్పర్శ తగ్గిస్తుంది. నొప్పి తగ్గిందని సంతోషిస్తారు, నిజానికి తెలివిడి తగ్గింది. అలాంటివారు వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టేముందు చేత్తో చూసుకోవాలి. ఐసు పెట్టకూడదు. మంట కాపడాలు పెట్టకూడదు. మన ఇళ్ళలో కాల్చిన ఇటుకమీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనించే వైద్యం వుంది కదా, స్పర్శ బాగా వున్నవాళ్ళకు ఆ వెచ్చదనం హాయినిస్తుంది, కాదనను. చక్కెర జబ్బు వాళ్ళకు మాత్రం వద్దే వద్దు. కాలినా తెలియదు. ఇక జిల్లేడు పాలు కంట్లో పడకుండా ఎవరైనా జాగ్రత్తపడాలి. ఇంద్రకీలాద్రి మెట్లెక్కేటప్పుడు, గిరిప్రదక్షిణకూ, పుష్కర స్నానాలకూ వెళ్ళేటప్పుడు మిట్టమధ్యాహ్నం పెట్టుకోకండి. రాళ్ళు పెనంలా కాలుతుంటాయి. తెల్లవారుజామునో, చీకటి పడ్డాకో వెళ్ళండి. మందపాటి నూలు మేజోళ్ళు తొడుక్కోండి. ఇంటికి రాగానే అరికాళ్ళు దీపం వెలుగులో చూసుకోండి. వంగలేకపోతే చిన్న అద్దం పట్టుకుని చూడండి.

మిగతావాళ్ళు చేసుకోవలసినది చాలా సులువు. మంచం దిగకముందే, కూర్చుని, నొప్పి వున్న కాలు రెండోకాలి మోకాలిమీద వేసుకోండి. చేత్తో కాలివేళ్ళను పట్టుకుని మీవైపు వెనక్కి లాగండి. అరికాల్లో ఆ పట్టీ తాడులా బిగుసుకోవడం రెండో చేతి వేలికి తగలాలి. పది లెక్కపెట్టేదాకా వుంచి వదలండి. ఇలా పదిసార్లు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం పడుకుని లేచేముందు ఒకసారి, రాత్రి ఒకసారి. ఇది కూడా అమెరికావాళ్ళు 2003లో పరీక్షించి మేలని చెప్పినదే. దానికి తోడు గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పికాలు వెనక్కి పెట్టి, మడమ నేలకానించి ముందుకు వంగితే పిక్క సాగుతుంది. అర నిమిషం చొప్పున మూడు సార్లు చాలు. సాయంత్రం ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ళసీసాను గుడ్డ చుట్టి అరికాలి కింద దొర్లించుకోవచ్చు. వంట గట్టు దగ్గర ఒక ఎత్తు పీట వేసుకుని కాలు మార్చి కాలు దానిమీద పెట్టండి. కూర తరగడం, బియ్యం ఏరడం కూర్చునే చేయండి. అలా కూర్చుంటే ఎవరైనా 'బద్ధకం' అంటే అననివ్వండి.

ఒక్క హెచ్చరిక. ఇది పదిరోజుల్లో పోయేది కాదు. నెలలు పడుతుంది. కొందరికి ఏడాది కూడా పడుతుంది. కానీ పదిమందిలో ఎనిమిది, తొమ్మిదిమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మధ్యలో విసిగి ఇంజెక్షన్ కోసం పరిగెడతారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు హాయినిచ్చేమాట నిజం. మాటిమాటికీ తీసుకుంటే మడమ కింది మెత్తటి కొవ్వు కరిగిపోవడం, ఒక్కోసారి ఆ పట్టీయే తెగిపోవడం జరుగుతాయి. డాక్టరుతో నిదానంగా మాట్లాడి నిర్ణయించుకోవాలి. నొప్పి రాత్రిళ్ళు పడుకున్నా వదలకపోయినా, మడమ వాచి జ్వరం వచ్చినా, కాలు జారి పడ్డాక అసలు మోపలేకపోయినా, తిమ్మిరి ఎక్కినా, రెండు మడమలతోపాటు నడుమూ పొద్దుటిపూట బిగుసుకుపోతున్నా, ఈ వ్యాయామాలతో కాలక్షేపం చేయక డాక్టరుకు చూపించుకోండి.

ఇక చెప్పులు కొనడానికి వెళ్ళినప్పుడు, సాయంత్రం పూట వెళ్ళండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, అప్పటి కొలతే సరైన కొలత. చెప్పు అట్టను బొటనవేలితో నొక్కి చూడండి. లోపలికి దిగి మళ్ళీ లేవాలి. రెండు చేతులతో పట్టుకుని పిండితే గుడ్డలా మెలితిరిగేది వద్దు. మడమ వైపు ముందువైపు కన్నా ఒక వేలు మందం ఎత్తుంటే మంచిది. వెనక పట్టీ వున్నదైతే మరీ మంచిది. లేకపోతే చెప్పు జారిపోకుండా వేళ్ళతో పట్టుకుని నడవాలి, అరికాలి పట్టీకి మళ్ళీ అదే లాగుడు. రెండు జతలు కొనండి, ఒకటి బయటికి, ఒకటి వంటింటికి. కొన్న తేదీ లోపలి అట్టమీద పెన్నుతో రాసి పెట్టుకుంటే, ఎప్పుడు పారేయాలో వెతుక్కోనక్కర్లేదు.